తుక్కు యార్డులో ట్రాకింగ్: గేటు దగ్గర నంబర్ పడిన బండి మిల్లు కాటా దాకా కనబడాలంటే

"బండ్లు లోపలికి వస్తున్నాయి, మాల్ బయటికి పోతోంది, మధ్యలో ఏమవుతోందో అంతు చిక్కట్లేదు. క్యూఆర్ కోడ్‌లు పెట్టమంటారా?" ఈ ప్రశ్న కరీంనగర్ నుంచి ఒకాయన అడిగారు, మంచిర్యాల నుంచి ఇంకొకాయన అడిగారు. మొన్న నర్సంపేట రోడ్డు మీద టీ తాగుతుంటే మూడో ఆయన పట్టుకుని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. క్యూఆర్ స్టిక్కర్ రెండో పని. మొదటి పని కాటా. పక్కన కిలోల లెక్క లేని స్టిక్కర్ బండికి పెట్టిన బొట్టులాంటిది. చూడ్డానికి బాగుంటుంది, బ్యాటరీ ఎటు పోయిందో మాత్రం చెప్పదు.

## 1. మీకు ఏ పని చేసే హక్కు ఉందో తేల్చుకోండి

కేంద్రం 2021 సెప్టెంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం బండిని తుక్కు చేసి సర్టిఫికెట్ ఇవ్వగలిగేది రిజిస్టర్డ్ వెహికల్ స్క్రాపింగ్ ఫెసిలిటీ మాత్రమే. బండి అప్పగించినప్పుడు యజమానికి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇవ్వాలి. బండి తుక్కయ్యాక సర్టిఫికెట్ ఆఫ్ వెహికల్ స్క్రాపింగ్ ఇవ్వాలి. రెండూ వేర్వేరు కాగితాలు. మొదటిది చేతికొస్తే పని అయిపోయిందనుకునే యజమానులు చాలామంది ఉన్నారు.

మీది ఆటోనగర్‌లో పాత పార్ట్స్ దుకాణమైతే నిండు బండిని కోసే పని మీది కాదు. దాన్ని రిజిస్ట్రేషన్ ఉన్న యార్డుకే పంపాలి. అక్కడి నుంచి కొన్న పార్ట్స్‌కు మాత్రం 2, 3, 6 అంకెలున్న భాగాలు మీకూ పనికొస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, కాలం చెల్లిన వాహనాల కొత్త నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బండ్లు తయారుచేసే కంపెనీలు తాము గతంలో అమ్మిన బండ్లలోని ఉక్కులో కొంత శాతం తిరిగి రీసైకిల్ అయినట్లు చూపించాలి. 2025-26 నుంచి 2029-30 వరకు 8 శాతం, ఆ తర్వాత ఐదేళ్లు 13 శాతం, 2035-36 నుంచి 18 శాతం. అలా చూపించడానికి వాళ్లకు కావలసిన ఈపీఆర్ (తయారీదారు బాధ్యత తీరినట్లు చూపే) సర్టిఫికెట్లు పుట్టేది స్క్రాపింగ్ యార్డులోనే. అంటే మీ యార్డులో తేలిన ప్రతి కిలో ఉక్కుకూ రెండో విలువ ఒకటి వచ్చింది. అది చేతికి రావాలంటే ఆ కిలో ఏ బండిదో చూపించగలగాలి.

## 2. కొనాల్సినవి, కొనకూడనివి

సాఫ్ట్‌వేర్ అమ్మే వాళ్లు మొదట ఆర్ఎఫ్ఐడి గేటు (రేడియో తరంగాలతో ట్యాగ్‌లను దూరం నుంచే చదివేది) గురించి చెబుతారు. వినండి, టీ ఇప్పించండి, పంపేయండి. దాని సంగతి చివర్లో చూద్దాం. నెలకు ఇరవై ముప్పై బండ్లు వచ్చే యార్డుకు ఇవి చాలు:

- బండి మొత్తం తూగే కాటా. సొంతది లేకపోతే దగ్గర్లోని వే బ్రిడ్జిలో చీటీ తీసుకోవచ్చు
- ఇంజిన్, గేర్ బాక్స్ లాంటివి తూచడానికి 500 కిలోల ప్లాట్‌ఫారం కాటా
- చిన్న సామానుకు 30 కిలోల టేబుల్ కాటా
- కెమెరా బాగున్న ఆండ్రాయిడ్ ఫోన్లు రెండు. యార్డు ఫోన్లే కావాలి, పనివాళ్ల సొంత ఫోన్లు వద్దు
- థర్మల్ ట్రాన్స్‌ఫర్ లేబుల్ ప్రింటర్, రెజిన్ రిబ్బన్, పాలిస్టర్ లేబుళ్లు
- నంబర్ గుద్దుకునే అల్యూమినియం బిళ్లలు, అంకెల పంచ్ సెట్, సన్న జీఐ తీగ
- పసుపు, తెలుపు పెయింట్ మార్కర్లు
- గట్టి అట్ట ఉన్న రిజిస్టర్ ఒకటి

రిజిస్టర్ ఎందుకని నవ్వకండి. కరెంటు పోతుంది, నెట్ పోతుంది, ఫోన్ నూనె డ్రమ్ములో పడుతుంది. మూడూ నేను చూశాను.

లేబుల్ రకం దగ్గర పిసినారితనం పనికిరాదు. సూపర్ మార్కెట్ బిల్లులాంటి థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. మే నెలలో మన దగ్గర ఆరుబయట రేకు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి. ఒక యార్డులో మొదటి వేసవి మేం అవే లేబుళ్లు వాడాం. జూన్ మొదటి వానలు పడేసరికి నలభై ఇంజిన్ల మీద నలభై తెల్ల కాగితాలు మిగిలాయి. ఏది ఏ బండిదో ఇంజిన్ నంబర్లు గీకి చదువుతూ వారం రోజులు కూర్చున్నాం.

## 3. నంబర్ పద్ధతి: తల్లి నంబర్, పిల్ల నంబర్

ప్రతి బండికీ ఒక తల్లి నంబర్. దాని నుంచి తీసిన ప్రతి వస్తువుకూ అదే నంబర్ వెనక ఒక పిల్ల నంబర్.

25-0147 అంటే 2025లో గేటు దాటిన 147వ బండి. 25-0147-01 అంటే ఆ బండి బ్యాటరీ. 02 ఇంజిన్, 03 గేర్ బాక్స్, 04 క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే డబ్బా), 05 సెల్ఫ్, 06 డైనమో. ఈ వరుస ఒకసారి రాసి గోడకు అతికించి, మళ్లీ మార్చకండి.

అక్షరాలు వద్దు, అంకెలే పెట్టండి. కటింగ్ దగ్గర తెలుగు చదివేవాళ్లు ఉంటారు, హిందీ మాత్రమే చదివేవాళ్లు ఉంటారు, ఏదీ చదవనివాళ్లూ ఉంటారు. అంకెలు అందరికీ వచ్చు.

బండి రిజిస్ట్రేషన్ నంబర్‌నే తల్లి నంబర్‌గా వాడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వాడొద్దు. ప్లేట్లు మారిన బండ్లు వస్తాయి, ప్లేట్లే లేని బండ్లు వస్తాయి. పాత ఏపీ 36 బండ్లు, తర్వాతి టీఎస్ 03 బండ్లు, ఇప్పటి టీజీ బండ్లు కలిపి రాస్తే వెతుకులాట పెరుగుతుంది. రిజిస్ట్రేషన్ నంబర్ ఒక కాలమ్‌లో ఉంటే చాలు.

క్యూఆర్ కోడ్‌లో ఈ నంబర్ ఒక్కటే పెట్టండి. యజమాని పేరు, ఫోన్ నంబర్, ధర అందులో ఎక్కించకండి. పార్ట్ కొన్నవాడి ఫోన్‌లో బండి పాత యజమాని ఇంటి అడ్రసు కనబడితే రేపు తలనొప్పి మీకే. కోడ్ తయారు చేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ 'హెచ్' స్థాయి ఎంచుకోండి. ఆ స్థాయిలో దాదాపు 30 శాతం చెడినా కోడ్ చదవగలుగుతుంది. గ్రీజు చేతుల మధ్య తిరిగే లేబుల్‌కు అది కావాలి. సైజు కనీసం 2 సెంటీమీటర్లు, కింద అదే నంబర్ పెద్ద అంకెల్లో.

గూగుల్ షీట్‌లో మూడు పేజీలు చాలు: బండ్లు, వస్తువులు, బయటికి పోయినవి. మూడింటినీ కలిపే తాడు తల్లి నంబరే.

## 4. గేటు దగ్గర పదిహేను నిమిషాలు

పానా తగలకముందే నంబర్ పడాలి. ఈ ఒక్క నియమం తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. "అన్నా, బండి లోపల పెట్టి వస్తా, తర్వాత రాద్దాం" అన్న మాట గేటు దగ్గర చెల్లకూడదు. ఆ 'తర్వాత' లోపే స్టెపినీ మాయమవుతుంది.

వరుస ఇది:

1. ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు చూడాలి. వచ్చింది యజమాని కాకపోతే అధికార పత్రం అడగాలి.
2. ఫైనాన్స్ ఉందేమో, చలాన్లు ఉన్నాయేమో, దొంగ బండ్ల జాబితాలో ఉందేమో పోర్టల్‌లో చూడాలి. ఏదైనా తగిలితే బండి బయటే ఆగాలి.
3. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ బండి మీద చూసి రాయాలి. ఆర్సీలో చూసి ఎక్కించేస్తే సరిపోల్చినట్లు కాదు.
4. ఫోటోలు: నాలుగు వైపులా, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, ఓడోమీటర్, బానెట్ తెరిచి ఒకటి, డిక్కీ తెరిచి ఒకటి.
5. నంబర్ ప్లేట్ల మీద లేజర్‌తో చెక్కిన నంబర్ ఉంటే అదీ రాసుకోవాలి.
6. కాటా. చీటీ ఫోటో తీయాలి.
7. తల్లి నంబర్ ఇచ్చి రెండు చోట్ల వేయాలి: ముందు అద్దం లోపలి వైపు లేబుల్, స్టీరింగ్ కాలమ్‌కు తీగతో అల్యూమినియం బిళ్ల.

ఓడోమీటర్ ఫోటో ఇక్కడే ఎందుకంటే, డిజిటల్ మీటరైతే బ్యాటరీ తీశాక కనబడదు. పవర్ విండోలు కూడా అప్పుడే దింపేసుకోండి. బ్యాటరీ పీకేశాక డోరు లాక్ పడితే అద్దం పగలగొట్టుకోవాల్సి వస్తుంది.

ఛాసిస్ నంబర్ ఎక్కించేటప్పుడు ఒక చిట్కా. 17 అక్షరాల నంబర్లో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ఒకటి, సున్నాలతో పొరబడతారని అలా పెట్టారు. కాబట్టి గుండ్రంగా కనబడింది సున్నాయే, నిలువు గీత ఒకటే. షీట్‌లో ఈ మూడు అక్షరాలు పడితే గడి ఎర్రగా మారేలా పెట్టుకోండి. మొదటి మూడు అక్షరాలు తయారీదారుని చెబుతాయి. ఎంఏ3 అని మొదలైతే మారుతి, ఎంఏటీ అయితే టాటా, ఎంఏ1 అయితే మహీంద్రా. ఎదురుగా వ్యాగన్ఆర్ పెట్టుకుని నంబర్ ఎంఏటీ అని పడిందంటే చూసి రాసినవాడి కళ్లైనా తప్పు, బండైనా తప్పు. బాగా పాత బండ్లకు నంబర్ పొట్టిగా ఉంటుంది, వాటికి ఈ లెక్క వర్తించదు.

యజమాని అక్కడే ఉండగా ఫాస్టాగ్ మూయించండి. స్టీరియోలో జత చేసిన ఫోన్ కాంటాక్టులు చెరిపించండి. టాక్సీ, బస్సు, స్కూల్ బండైతే జీపీఎస్ పెట్టె ఉంటుంది, అందులో సిమ్ కూడా ఉంటుంది. అది తీసి, సిమ్ ఆపించమని చెప్పండి. లేకపోతే మీ యార్డు మూలన పడి ఉన్న పెట్టె నడుస్తున్న బండిలా సిగ్నల్ పంపుతూనే ఉంటుంది.

## 5. డీపొల్యూషన్: నూనెలు, గ్యాసులు, ప్రమాదకరమైనవి ముందు

వీటిని తీయడానికి యార్డులో విడిగా ఉంచే చోటునే బే అంటాం. అసలు రీసైక్లింగ్ బాగుపడేదీ చెడేదీ ఈ బేలోనే. ఇనుముకు కాపలా అక్కర్లేదు, దాన్ని ఎవరూ నేలపాలు చేయరు. నేలలోకి పోయేది నూనె, గాలిలోకి పోయేది ఏసీ గ్యాసు, గోడ దాటేది బ్యాటరీ. ట్రాకింగ్ బిగించాల్సింది ఈ మూడింటికి.

5.1 బ్యాటరీ. నెగెటివ్ వైరు ముందు విప్పాలి. తీయగానే తూచి, 01 లేబుల్ వేసి, తాళం ఉన్న ర్యాక్‌లో, పగలని ట్రేలో నిలబెట్టాలి. బేలో కింద పెట్టనివ్వకండి.

5.2 ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ తీశాక కనీసం పది పదిహేను నిమిషాలు ఆగండి. కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్‌కు, సీటు బెల్టుకు నంబర్ వేయాలి కానీ అది నాశనం చేసినట్లు రాసుకోవడానికి. అమ్మడానికి కాదు. "ఒక్కటి ఇవ్వండి సార్, పాత బండికి వేసుకుంటా" అని వచ్చేవాళ్లు ఉంటారు. ఇవ్వకండి.

5.3 గ్యాస్ సిలిండర్. సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్ ఉన్న ఆటోలు, కార్లు మన దగ్గర చాలానే వస్తాయి. సిలిండర్ మీద గుద్దిన నంబర్, చివరి టెస్ట్ తేదీ ఫోటో తీయాలి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడం తెలిసిన మనిషి చేయాలి. అది తేలేదాకా ఆ బండి దగ్గరికి గ్యాస్ కటింగ్ రాకూడదు. బండి పైన ఎర్ర జెండా కట్టండి.

5.4 ఏసీ గ్యాసు. రికవరీ మెషిన్‌తో లాగాలి. ఆర్-134ఏ అనే ఈ గ్యాసు ఒక కిలో గాలిలోకి పోతే దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. పైపు కోసి 'స్స్' మని వదిలేయడం చాలా చోట్ల అలవాటు. మెషిన్‌లో చూపించే గ్రాములు తల్లి నంబర్ ఎదురుగా రాయించండి. సున్నా వస్తే సున్నా అనే రాయాలి, గడి ఖాళీగా వదలొద్దు. ఖాళీ గడి అంటే లాగలేదని, సున్నా అంటే లాగితే ఏమీ రాలేదని. ఈ తేడా ఆడిట్ రోజున తెలుస్తుంది.

5.5 ఇంధనం, నూనెలు. పెట్రోల్, డీజిల్, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్. దేని డ్రమ్ము దానిదే. కూలెంట్ కలిసిన ఇంజిన్ ఆయిల్‌ను శుద్ధి చేసేవాళ్లు తీసుకోరు, తీసుకున్నా రేటు పడగొడతారు.

ద్రవాలకు లేబుల్ అతికించలేం కదా? అందుకని డ్రమ్ముకే నంబర్. ఇంజిన్ ఆయిల్ డ్రమ్ము డి-11 అనుకుందాం. దాని పక్కన ఒక చీటీ వేలాడాలి: తేదీ, తల్లి నంబర్, పోసిన లీటర్లు. చిన్న కారులో ఇంజిన్ ఆయిల్ మూడు లీటర్లకు కాస్త అటూఇటూ వస్తుంది. చీటీలో వరుసగా ఐదు కార్లకు అర లీటరు చొప్పున ఉందంటే నూనె ఎక్కడో నేల మీద ఉంది, వెళ్లి చూడండి.

డ్రమ్ము మీద మొదటి చుక్క పడిన తేదీ పెద్ద అంకెల్లో రాయండి. ప్రమాదకర వ్యర్థాలను 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. షీట్‌లో 75వ రోజున పసుపు రంగు వచ్చేలా పెట్టుకుంటే వాహనం మాట్లాడుకోవడానికి పదిహేను రోజులు చేతిలో ఉంటాయి.

5.6 క్యాటలిటిక్ కన్వర్టర్. సైలెన్సర్‌తో పాటు ఇనుములో పడేసే రోజులు పోయాయి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. తీయగానే తూకం, ఫోటో, 04 బిళ్ల, ఇనుప పెట్టె, తాళం. తాళం చెవి యజమాని దగ్గరే ఉండాలి. లోపలి తేనెపట్టు లాంటి భాగం ఉందో లేదో కనబడేలా ఫోటో తీయండి. ఖాళీ డొక్కతో వచ్చే బండ్లూ ఉంటాయి, అది గేటు ముందే జరిగిందా, గేటు లోపల జరిగిందా అన్న వాదన ఫోటోతోనే తెగుతుంది.

బే నుంచి బండి బయటికి వెళ్లేముందు:

- ☐ బ్యాటరీ ర్యాక్‌లో, తూకం షీట్‌లో
- ☐ ఏసీ గడిలో అంకె (సున్నా అయినా సరే)
- ☐ ఐదు ద్రవాల గడులూ నిండాయి
- ☐ సిలిండర్ లేదు, లేదా ఖాళీ చేసినట్లు సంతకం
- ☐ ఎయిర్‌బ్యాగ్‌ల లెక్క
- ☐ కన్వర్టర్ పెట్టెలో
- ☐ ముందు అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కర్

ఆకుపచ్చ స్టిక్కర్ లేని బండిని కటింగ్ వాళ్లు ముట్టుకోకూడదు. షీట్ తెరిచి చూడమంటే చూడరు. రంగైతే దూరం నుంచే కనబడుతుంది.

ఈ-ఆటోలు, ఎలక్ట్రిక్ స్కూటర్లు వస్తే బ్యాటరీ ప్యాక్ నంబర్ ఫోటో తీసి, ప్యాక్ విప్పకుండా అలాగే వేరే షెడ్డులో పెట్టండి. లెడ్ బ్యాటరీల ర్యాక్‌లో లిథియం ప్యాక్ పెట్టొద్దు.

## 6. పార్ట్స్: ఏది ట్యాగ్‌కు తగినది

మొదట్లో ఉత్సాహంతో ప్రతి నట్టుకూ నంబర్ వేస్తారు. పది రోజుల్లో విసుగొచ్చి దేనికీ వేయరు. గీత గీసుకోండి: విడిగా అమ్మగలిగేవి, చట్టం అడిగేవి, దొంగిలించాలనిపించేవి. ఈ మూడింటికే ట్యాగ్. మిగతావన్నీ రకాల వారీగా బుట్టల్లో వేసి బుట్టను తూచండి.

బిళ్ల, లేబుల్ ఎక్కడ వేయాలంటే:

- ఇంజిన్: లిఫ్టింగ్ హుక్‌కు తీగతో బిళ్ల. బ్లాక్ మీద లేబుల్ నిలవదు.
- గేర్ బాక్స్: మౌంటింగ్ బోల్టు రంధ్రానికి బిళ్ల.
- డోర్లు: మడత బందు పక్కన, లోపలి అంచు మీద లేబుల్.
- లైట్లు, అద్దాలు: వెనక ప్లాస్టిక్ మీద.
- సెల్ఫ్, డైనమో: తుడిచి, స్పిరిట్ పెట్టి, ఆరాక లేబుల్. పైన పారదర్శక టేపు.

తుడవకుండా అతికించడం అన్నింటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. "స్టిక్కర్ గమ్ బాలేదు సార్" అంటారు. గమ్ బాగానే ఉంటుంది, కింద గ్రీజు పొర ఉంటుంది.

వస్తువు ర్యాక్‌కు వెళ్లాక ర్యాక్ కోడ్‌ను కూడా స్కాన్ చేయాలి. వస్తువు, అర: రెండు స్కాన్‌లు. రెండోది మానేస్తే షీట్‌లో "ఉంది" అని కనబడుతుంది కానీ ఎక్కడుందో కనబడదు. హన్మకొండ నుంచి మెకానిక్ వచ్చి ఇండికా డైనమో అడిగితే గంట వెతికి లేదని పంపేసి, సాయంత్రం దాని మీదే కాలు తగిలించుకున్న రోజు నాకు గుర్తుంది.

అమ్మిన పార్ట్ నంబర్ బిల్లు మీద పడాలి. రేపు పోలీసులు వచ్చి ఫలానా ఇంజిన్ ఎక్కడిదని అడిగితే బిల్లు, తల్లి నంబర్, గేటు ఫోటో మూడూ ఒకదాని వెనక ఒకటి రావాలి.

## 7. కటింగ్, ఛాసిస్ ముక్క

ఛాసిస్ నంబర్ ఉన్న ముక్కను ముందుగా కోసి తీయాలి. సర్టిఫికెట్ ఆఫ్ స్క్రాపింగ్ ఇచ్చిన రోజు నుంచి ఆరు నెలలు ఆ ముక్కను భద్రంగా ఉంచాలని నిబంధన. ముక్కకు తల్లి నంబర్ బిళ్ల కట్టి, గోడకు పన్నెండు మేకులు కొట్టి, నెలకొక మేకుకు తగిలించండి. ఆరు నెలలు నిండిన మేకు ఏదో చూపుతోనే తెలుస్తుంది.

నంబర్ ప్లేట్లు వంచి, కోసి, ఫోటో తీయాలి. నిండు ప్లేటు బయటికి పోకూడదు.

ముక్కలైన బాడీకి విడిగా ట్యాగ్ అక్కర్లేదు. కోసే ముందు డొల్ల (అన్నీ తీశాక మిగిలిన బాడీ) తూకం ఒక్కటి రాసి, ఆ రోజు లాట్ నంబర్‌లో కలిపేయండి: లాట్ 25-ఎల్-031లో ఏయే తల్లి నంబర్లు, ఒక్కోటి ఎన్ని కిలోలు.

## 8. గేటు బయటికి

లారీ ఎక్కే ప్రతిదానికీ మూడు కాగితాలు ఒకే నంబర్‌తో ముడిపడాలి: మీ కాటా చీటీ, ఇన్‌వాయిస్, అవతలివాళ్ల కాటా చీటీ. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు ఉంటుంది, దాని మీద కూడా లాట్ నంబర్ రాయించండి.

- ఇనుము లాట్: మిల్లు చీటీ తిరిగి వచ్చేదాకా షీట్‌లో "దారిలో" అని ఉండాలి. చీటీ ఫోటో పడ్డాకే "చేరింది".
- బ్యాటరీలు: రిజిస్ట్రేషన్ ఉన్న రీసైక్లర్‌కే. లెక్క, తూకం రెండూ రాయించుకోండి.
- వాడిన నూనె, ఫిల్టర్లు: అనుమతి ఉన్నవాళ్లకే, ఫారం 10 మేనిఫెస్టుతో (ప్రమాదకర వ్యర్థాల రవాణా పత్రం). డ్రమ్ము నంబర్ మేనిఫెస్టు మీద ఉండాలి.
- టైర్లు: లెక్కపెట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే. ఇటుక బట్టీలకు ఇవ్వొద్దు.

మీ కాటాకూ మిల్లు కాటాకూ తేడా ప్రతిసారీ ఒకే వైపు వస్తుంటే మీ కాటాను తనిఖీ చేయించండి. అది సరిగ్గా ఉంటే డ్రైవర్ దారిలో ఎక్కడ ఆగుతున్నాడో చూడండి. లారీ జీపీఎస్ రికార్డు అడగడంలో తప్పు లేదు.

## 9. శనివారం లెక్క

అన్నీ స్కాన్ చేసి, ఈ లెక్క వేయకపోతే చేసిందంతా వృథా. వారానికి ఒక గంట చాలు. పూర్తయిన ప్రతి బండికీ లోపలికి వచ్చిన బరువు, బయటపడిన బరువు సరిపోల్చాలి.

పద్ధతి చూపడానికి ఒక పాత మారుతి 800 తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే:

- గేటు తూకం: 652 కిలోలు
- బ్యాటరీ 10
- ద్రవాలన్నీ 11
- చక్రాలు, టైర్లు 55
- ఇంజిన్, గేర్ బాక్స్ 98
- సెల్ఫ్, డైనమో, రేడియేటర్ 18
- సైలెన్సర్, కన్వర్టర్ 12
- వైరింగ్ 7
- సీట్లు, ప్లాస్టిక్, అద్దాలు 75
- డొల్ల, సస్పెన్షన్ 352
- మొత్తం 638, తేడా 14 కిలోలు

652లో 14 అంటే 2 శాతం పైచిలుకు. మట్టి, తుప్పు, కాటా తేడాలు కలిపి 3 శాతం లోపు ఉంటే నేను పట్టించుకోను. దాటితే ఏ వరుసలో తగ్గిందో చూస్తాను. మొదటి నెల ఇంత గట్టిగా కుదరదు, 5 శాతంతో మొదలుపెట్టండి.

ఒకసారి వరుసగా మూడు బండ్లకు మామూలు తేడా మీద ఇంకో పది పదకొండు కిలోలు తగ్గాయి. మూడింటికీ అదే కొలత. గేటు ఫోటోల్లో బానెట్ కింద బ్యాటరీ ఉంది, బే షీట్‌లో "బ్యాటరీ లేదు" అని ఉంది. యార్డు వెనక పిట్టగోడ దగ్గర ఒక సిమెంటు ఇటుక మెట్టులా వేసి ఉంది. కెమెరా పెట్టాల్సిన పని కూడా రాలేదు. ఆ ఇటుక తీసేసి, బే షీట్‌లో "బ్యాటరీ లేదు" అన్న గడికి గేటు మనిషి సంతకం తప్పనిసరి చేశాం.

## 10. తరచుగా వచ్చే చిక్కులు

ఒకే నంబర్ రెండు బండ్లకు పడింది. లేబుల్ అప్పటికప్పుడు ప్రింట్ చేయడం వల్ల వస్తుంది. నెలకు సరిపడా తల్లి నంబర్లు ముందే వరుసగా ప్రింట్ చేసి గేటు దగ్గర పెట్టండి. ఒకటి చింపితే ఒకటి తగ్గాలి.

పనివాళ్లు స్కాన్ చేయట్లేదు. తిట్టి లాభం లేదు. ఫోన్ ఎక్కడుందో చూడండి. ఆఫీసు టేబుల్ మీద ఉంటే ఎవరూ రారు. బేలో చేతికందే ఎత్తులో, గొలుసుతో కట్టి, కవర్‌లో పెట్టండి. గ్లౌజులతో స్క్రీన్ పనిచేయదు, వేలు దగ్గర కత్తిరించిన గ్లౌజు ఒకటి పక్కన ఉంచండి.

సాయంత్రం అన్నీ కలిపి ఎక్కిస్తున్నారు. షీట్‌లో టైం చూస్తే పట్టుబడుతుంది. ఇరవై వస్తువులు ఆరు గంటల ఐదు నిమిషాలకే నమోదయ్యాయంటే అవి గుర్తుపెట్టుకుని రాసినవి. ఆ రోజు తూకాలను నమ్మకండి.

తూకాలన్నీ గుండ్రంగా ఉన్నాయి. 10, 20, 50 అని వరుసగా వస్తే కాటా ఎక్కించలేదన్నమాట. కాటా డిస్‌ప్లే ఫోటో తప్పనిసరి చేయండి.

నెట్ లేదు. రిజిస్టర్‌లో రాసి, నెట్ వచ్చాక ఎక్కించి, ఆ వరుస పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు లేని వరుసలు శనివారం లెక్కలో బయటపడతాయి.

షీట్‌ను ఎవరో చెరిపేశారు. గేటు మనిషికి కొత్త వరుస చేర్చే వీలు మాత్రమే ఇవ్వండి, పాతది మార్చే వీలు వద్దు. గూగుల్ షీట్ వాళ్ల చేతికి నేరుగా ఇవ్వకుండా గూగుల్ ఫారం ద్వారా నింపిస్తే ఈ గొడవ ఉండదు.

## 11. ఆర్ఎఫ్ఐడి ఎప్పుడు

రోజుకు పదిహేను ఇరవై బండ్లు దాటి, ర్యాక్‌లలో వేల పార్ట్స్ ఉండి, స్టాక్ లెక్కకు రెండు రోజులు పడుతున్నప్పుడు. అంతకుముందు వద్దు. కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. మామూలు ట్యాగ్ ఇనుము మీద పనిచేయదు, 'ఆన్-మెటల్' రకం కావాలి, దాని ధర ఎక్కువ. రీడర్ మన దేశంలో అనుమతి ఉన్న 865 మెగాహెర్ట్జ్ పైనున్న బ్యాండ్‌లో పనిచేసేదై ఉండాలి, విదేశాల నుంచి చవగ్గా తెప్పించినవి వేరే బ్యాండ్‌వి రావచ్చు. ఇక అమ్మేవాణ్ని ట్యాగులు మీ యార్డుకు తెచ్చి, మీ ఇంజిన్ల గుట్ట మీదే చదివి చూపించమనండి. ఏసీ గదిలో చెక్క బల్ల మీద ఏ ట్యాగైనా చదువుతుంది.

ఆన్-మెటల్ ట్యాగులు తిరిగి వాడుకునేవి. పార్ట్ అమ్ముడుపోయిన రోజే ట్యాగ్ విప్పి డబ్బాలో వేయించండి, లేకపోతే నెలకింత చొప్పున కొనుక్కుంటూ పోవాలి.

## 12. మొదటి వారం

- ☐ సోమవారం: కాటాలు సరిచూడండి. తెలిసిన బరువు పెట్టి మూడుసార్లు తూచండి
- ☐ మంగళవారం: నంబర్ల వరుస గోడకు అతికించండి, బిళ్లలు గుద్దించండి
- ☐ బుధవారం: షీట్, ఫారం తయారు చేసి, గేటు మనిషితో ఐదుసార్లు నింపించండి
- ☐ గురువారం: ఒక్క బండి. గేటు నుంచి డీపొల్యూషన్ దాకా మీరే పక్కన నిలబడండి
- ☐ శుక్రవారం: అదే బండి పార్ట్స్, కటింగ్, ఛాసిస్ ముక్క
- ☐ శనివారం: ఆ బండి లెక్క

శనివారం ఆ ఒక్క బండి కిలోలు కుదరకపోతే సోమవారం మళ్లీ ఒక్క బండితోనే మొదలుపెట్టండి, రెండోదానికి అప్పుడే బిళ్ల కట్టకండి.